గంజిసారు తెల్లకాలవ

మా మరిది ఇంట్లో తగాదాలన్నీ ఓడిపోతాడు. ఆ కొరత తీరేలా బయట ఒకటి గెలిచాడు. గెలిచిన రోజు నేను పక్కనే ఉన్నాను, టీ ఒలికిన బల్లగుడ్డ ఒకటి చేతిలో పట్టుకుని.

తగాదాకి వచ్చింది ఆకుకూరలావిడ. మా లాండ్రీ వెనక గోడ దాటితే కాలవ, కాలవ పక్కన ఆవిడ మడులు. పాలకూర, కొత్తిమీర, ముల్లంగి. ఆ కాలవ నీళ్ళే డబ్బాతో తోడి మడులకి పోసుకుంటుంది. మా గొట్టాలు కూడా ఆ కాలవలోకే. ఒకరోజు పొద్దున్నే సరాసరి మా ముందు గుమ్మంలోకి వచ్చి నిలబడింది, మోకాళ్ళ దాకా నురగతో.

"సారూ, మీ నురగ మీకిచ్చి పోదామని వచ్చాను" అంది.

"అది సబ్బు నురగమ్మా. సబ్బంటే శుభ్రం. సబ్బు వల్ల మురికైన మనిషిని ఎక్కడైనా చూశావా?" అన్నాడు మా మరిది.

"నా కొత్తిమీర కంపు కొడుతోంది. కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి మొహాన కొడుతున్నారు."

"ఏం కంపు?"

"మీరు ఉతికే హోటలు దుప్పట్ల కంపు. వాటి మీద ఎవరెవరు పడుకున్నారో ఏమేం చేశారో నాకేం తెలుసు సారూ!"

వీధిలో నవ్వులు. ఎదుటి సెలూన్‌లో సగం క్షవరమైన మనిషి మెడకి గుడ్డతోనే వచ్చి నిలబడ్డాడు. మా మరిది చెవులు ఎర్రబడ్డాయి. అయినా తొణకలేదు. "ఇప్పుడు పని వేళ. సాయంత్రం అయిదింటికి అందరూ రండి. తేల్చేద్దాం" అన్నాడు.

సాయంత్రం వీధి వీధంతా వెనక గోడ దగ్గర చేరింది. మా మరిది ఒంటి మీది తెల్లచొక్కా విప్పాడు, గొట్టం మూతి దగ్గర కాలవలో ముంచాడు, పిండాడు, దులిపాడు, రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. చొక్కా పాలలా ఉంది.

"ఏదమ్మా మురికి? వేలు పెట్టి చూపించు" అన్నాడు.

ఆవిడ ముందుకొచ్చి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. వేలు పెట్టడానికి చోటు దొరకలేదు. "నోరుంటే సరా, రుజువుండొద్దూ" అన్నాడెవరో. ఆవిడ గోడ దాటి వెళ్ళిపోయింది.

ఇక్కడొక సంగతుంది. మా లాండ్రీకి గొట్టాలు రెండు. ఒకటి ఉతుకు గొట్టం. పొద్దున మొదటి ఉతుకు దిగేది దాంట్లోంచే. ఆ దిగేదాన్ని నీళ్ళనడానికి నాకు నోరు రాదు. రెండోది జాడింపు గొట్టం. చివరి జాడింపు నీళ్ళు సాయంత్రం అందులోంచి వస్తాయి, తేటగా, అద్దంలా. మా మరిది చొక్కా ముంచింది జాడింపు గొట్టం దగ్గర, అయిదింటికి. ఈ భేదం తెలిసినవాళ్ళం అక్కడ ఇద్దరమే. ఒకరు చొక్కా పిండుతున్నారు. రెండో మనిషిని నేను. టీ మరక వంక చూస్తూ ఉండిపోయాను.

మరకల బల్ల నాది. ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ ఇవ్వలేదు. చదువు మూడో తరగతిలో ఆపేశారు గానీ మరకని చూసి అది ఏ పూట పడిందో చెప్తాను. నెత్తుటి మరకకి వేడినీళ్ళు పోసే మనుషులు పెద్ద చదువులు చదివినవాళ్ళలోనే ఎక్కువ. ఈ లాండ్రీ పెట్టింది మా ఆయన, రెండు తొట్లతో. ఆయన పోయాక తమ్ముడి చేతికొచ్చింది. తొట్లు పోయి మిషన్లు వచ్చాయి. నా బల్ల మాత్రం కిటికీ పక్కనే ఉండిపోయింది. దాన్ని జరపమనే ధైర్యం ఎవరికీ లేదు.

మా మరిదిని పని ఆడవాళ్ళు గంజిసారు అంటారు, ఆయన వినబడనంత దూరంలో. గంజి పెట్టని చొక్కా ఆయన ఒంటి మీద ఎవరూ చూడలేదు. ఆయన కూర్చున్నా చొక్కా నిలబడే ఉంటుంది. లోకంలో మనుషులు రెండు రకాలని ఆయన లెక్క: తెల్లగా ఉతుక్కునేవాళ్ళు, మిగతావాళ్ళు. పెళ్ళిచూపులకని మొదటిసారి మా తోటికోడలి పుట్టింటికి వెళ్ళొచ్చినప్పుడు, "అమ్మాయి ఎలా ఉందిరా" అని అడిగాను. "కర్టెన్లు పచ్చబడ్డాయి వదినా. అయినా చేసుకుంటాను, మనింటికొస్తే బాగుపడుతుంది" అన్నాడు. ఈ మాట నేను మా తోటికోడలికి చెప్పాను. ఇంట్లో తగాదాలన్నీ ఆయన ఓడిపోవడం అప్పటినుంచే.

ఆ చొక్కా గెలుపు తర్వాత ఏడాదికి హోటలు నుంచి ఉత్తరం వచ్చింది. మా దగ్గరికొచ్చే దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబుల్లో చాలామటుకు ఆ ఒక్క హోటలువే. అవి రాకపోతే పదహారు మంది ఆడవాళ్ళం, ముగ్గురు మగవాళ్ళూ మా మా ఇళ్ళ దుప్పట్లు ఉతుక్కోవాల్సిందే. ఉత్తరంలో ఉన్నదేమిటంటే, ఇక మీదట పర్యావరణానికి హాని చేయని, సామాజిక బాధ్యత ఉన్న లాండ్రీకే బట్టలిస్తారట. నాలుగు నెలల్లో ఆ సంగతి రుజువు చేసే పత్రం తెచ్చుకోవాలట.

మా మరిది ఆ రెండు మాటలూ అద్దం ముందు నిలబడి పలకడం నేర్చుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"వదినా, మనకి సామాజిక బాధ్యత ఉంది."

"ఎప్పటినుంచి?"

"వచ్చే నెల నుంచి."

మొదటి నెలంతా రంగులు వేశారు. గేటు ఆకుపచ్చ, గొట్టాలు ఆకుపచ్చ, బట్టల బండి ఆకుపచ్చ. గుమ్మం దగ్గర కుండీల్లో పన్నెండు మొక్కలు పెట్టారు. రెండు నిజమైనవి, పది ప్లాస్టిక్‌వి. ప్లాస్టిక్‌వాటికి దుమ్ము పడుతుంటే వారం వారం మిషనులో వేసి ఉతికించాడు. నిజమైన రెండిటికీ నీళ్ళు పోసే పని ఎవరికీ చెప్పలేదు గనక అవి తొందరగానే పోయాయి.

తర్వాత పాత సబ్బుల గది ఖాళీ చేయించి విశ్రాంతి గది అని బోర్డు పెట్టాడు. లోపల రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, గోడకి జలపాతం బొమ్మ. తలుపుకి ఇంత తాళం.

"తాళం దేనికి అబ్బాయ్?" అన్నాను.

"తనిఖీ అయ్యేదాకా కొత్తగా ఉండాలి కదా వదినా. ఆ తర్వాత మీ ఇష్టం, ఎంత విశ్రాంతి కావాలంటే అంత."

మేము ఎప్పటిలాగే మురికి బట్టల మూటల మీద కూర్చుని అన్నాలు తిన్నాం.

రెండో నెలలో సలహాల అమ్మాయి వచ్చింది. హోటలువాళ్ళే పంపారు. భుజాన సంచీ, సంచీలో సీసాలు, చేతిలో పుస్తకం. మనిషి చిన్నదే గానీ కళ్ళు చురుకు. నన్ను చూసి, "అమ్మమ్మగారూ, మీరు రోజుకి ఎంతసేపు నిలబడి పని చేస్తారు?" అంది.

"నేను నీ అమ్మమ్మని కాదు, ఈ బల్లకి పెద్దదాన్ని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటాను" అన్నాను.

"మావాళ్ళు కూర్చోరండీ. అలవాటు లేదు" అన్నాడు మా మరిది పక్కనుంచి.

"కుర్చీ వేసి చూశారా సార్?"

"ఉన్నాయండీ. గదిలో."

ఆ అమ్మాయి తాళం వంక చూసింది, పుస్తకంలో ఏదో రాసుకుంది. వెళ్తూ వెళ్తూ చెప్పాల్సింది చెప్పింది. నీళ్ళ వాడకం తగ్గించమంది. మందులు తగ్గించమంది. ఆడవాళ్ళని కూర్చోబెట్టమంది. కాలవలోకి వదిలే నీళ్ళు శుభ్రంగా ఉండాలంది. మా మరిదికి ఆ చివరిదొక్కటే చెవికెక్కింది. శుభ్రమంటే ఏమిటో తనకి ఒకరు చెప్పాలా!

మర్నాటి నుంచి ఉతుకు గొట్టం కింది గుంటలో రోజుకో డబ్బా బ్లీచింగ్ పోయడం మొదలుపెట్టాడు.

నేను పరుగున వెళ్ళాను. "దుప్పటికే మనం చెంచాతో కొలిచి వేస్తాం. కాలవకి డబ్బా బోర్లిస్తున్నావేమిటి?"

"కాలవ దుప్పటి కన్నా పెద్దది కదా వదినా" అన్నాడు.

ఇదీ మా మరిది. ఇంకొకడైతే దొంగచాటుగా రాత్రికి రాత్రి గొట్టం ఎటో తిప్పేసేవాడు. మా మరిదికి అలాంటి బుద్ధి లేదు, నిజాయితీగా కాలవని ఉతికాడు. ఇన్నేళ్ళుగా తెలిసిన పనే చేశాడు. నల్లగా ఉన్నదాన్ని తెల్లగా చేస్తే బాగుపడ్డట్టే కదా!

వారం తిరిగేసరికి నురగ పోయింది, కంపు పోయింది. అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మా మరిది కాలవ ఒడ్డున కుర్చీ వేసుకుని మధ్యాహ్నం టీ అక్కడే తాగేవాడు. మా తోటికోడలు కిటికీలోంచి చూసి, "నన్నెప్పుడైనా అలా చూశాడా అక్కా ఈ మనిషి?" అంది.

"నువ్వు అంత తేటగా ఎప్పుడున్నావు?" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కాలవ గోడకి పట్టిన పాచి తెల్లగా మారి రాలిపోయింది. కప్పల అరుపులు ఆగిపోయాయి. "చూశావా వదినా, ఆ గోల కూడా వదిలింది" అని సంబరపడ్డాడు. నాకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. బ్లీచింగ్ ఎక్కువైన బట్ట ముందు మెరుస్తుంది. తర్వాత పట్టుకుంటే చేతిలో చినుగుతుంది. నా బల్ల మీద ఎన్ని చూశానో.

మూడో నెల మొదట్లో సలహాల అమ్మాయి మళ్ళీ వచ్చింది. మా మరిది ఆ అమ్మాయిని నేరుగా కాలవ దగ్గరికి తీసుకెళ్ళాడు, పెళ్ళికూతుర్ని చూపించినట్టు. ఆ అమ్మాయి సంచీలోంచి ఒక రంగు కాగితం ముక్క తీసి నీళ్ళలో ముంచింది. పసుపుగా ఉన్న కాగితం తెల్లగా అయిపోయింది.

"చూశారా!" అన్నాడు మా మరిది, మొహం వెలిగిపోతూ. "తెల్లబడింది!"

"సార్, ఇది నీళ్ళలో ఏముందో బట్టి ఎరుపో ఆకుపచ్చో నీలమో అవ్వాలి. తెల్లబడిందంటే కాగితానికే రంగు పోయింది. ఇందులో ఏదీ బతకదు."

"అంటే... మంచిదేనా?"

ఆ అమ్మాయి జవాబు చెప్పే లోపల గోడ అవతలనుంచి ఆకుకూరలావిడ వచ్చింది. ఏడాది తర్వాత మా గడప తొక్కడం అదే. చేతిలో వేళ్ళతో సహా పీకిన పాలకూర. ఆకులు అంచుల దగ్గర తెల్లగా, మధ్యలో పాలిపోయి, పాత బనీను రంగులో ఉన్నాయి. ఎవరి వంకా చూడకుండా లోపలికి నడిచి దాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచింది.

"ఇది కూడా ఉతికేశారు సారూ. ఇస్త్రీ ఒక్కటే మిగిలింది. అది కూడా కానివ్వండి" అంది.

ఎవరూ నవ్వలేదు. ఇస్త్రీ చేసే ఆవిడ పెట్టె పక్కకి తీసి పెట్టింది.

మా మరిది ఆ ఆకుని పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. దుప్పటి నేత పోయిందో లేదో చూసేది అలాగే. వేళ్ళ మధ్య ఆకు చిరిగింది. జేబులోంచి తాళంచెవి తీశాడు, విశ్రాంతి గది తెరిచాడు, లోపలికి పోయి కొత్త కుర్చీలో కూర్చున్నాడు. ఆ బోర్డు పెట్టాక అందులో విశ్రాంతి తీసుకున్న మొదటి మనిషి ఆయనే.

కాసేపు చూసి నేనూ వెళ్ళి రెండో కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ బాగానే ఉంది.

"ఆ అమ్మాయి పత్రం ఇవ్వదు. హోటలు బట్టలు ఇక రావు వదినా" అన్నాడు.

"మీ అన్నయ్య రెండు తొట్లు ఎందుకు పెట్టాడో గుర్తుందా?"

"నీళ్ళు దూరంనుంచి మోసుకొచ్చేవాళ్ళం గనక."

"ఇవాళ జాడించిన నీళ్ళు రేపు నానబెట్టడానికి దాచేవాళ్ళం. ఒక్క చెంబు వృథా పోతే మీ అన్నయ్య అన్నం తినేవాడు కాదు. కుళాయి వచ్చింది, నీకు కొమ్ములొచ్చాయి. అద్దంలాంటి నీళ్ళు సాయంత్రం కాలవలో పోస్తున్నావు, పొద్దున్నే మళ్ళీ కొత్త నీళ్ళు పడుతున్నావు. ఆ తేటనీళ్ళు చొక్కాలు ముంచి చూపించడానికి తప్ప దేనికీ వాడడం లేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

తలుపు దగ్గర నిలబడి సలహాల అమ్మాయి అంతా విన్నట్టుంది. చకచకా పుస్తకంలో రాసుకుంది. మర్నాడు అదే సంగతి బొమ్మలతో, బాణం గుర్తులతో, నోరు తిరగని పెద్ద పేరుతో తిరిగి మాకే పంపింది. పోనీలే, ఆ బాణాలు చూశాకే మా మరిదికి నమ్మకం కుదిరింది. వదిన చెప్తే ఇంట్లో మాట, కాగితం మీద ఉంటే శాస్త్రం.

నెలన్నర పని చేయించాడు. జాడింపు నీళ్ళు పట్టడానికి సిమెంటు తొట్టి కట్టించాడు. అవి పొద్దున నానబెట్టడానికి తిరిగొస్తాయి. ఉతుకు నీళ్ళు ఇదివరకటిలా నేరుగా కాలవలోకి పోకుండా మూడు గుంటలు తవ్వించాడు. ఒకదాంట్లో మడ్డి దిగుతుంది, రెండోదాంట్లో కంకర, మూడోదాంట్లో ఇసక. మందులు సగానికి సగం తగ్గించి, సబ్బు రకం మార్చాడు. దుప్పట్లు ఇదివరకటి మెరుపు లేకుండా కొంచెం పాలరంగులో వస్తుంటే వారం రోజులు అన్నం సహించలేదు ఆయనకి. "తెలుపు తగ్గింది, తెలుపు తగ్గింది" అని తిరిగాడు. కంకర మోసేవాళ్ళు రాని రోజు తనే తట్ట ఎత్తాడు. మధ్యాహ్నానికి చొక్కా చెమటకి మెత్తబడి ఒంటికి అంటుకుంది. అందులో ఒక బక్క మనిషి ఉన్నాడని మాకు ఆ రోజే తెలిసింది. విశ్రాంతి గది తాళం కూడా పోయింది. పోయిందంటే తీశాడని కాదు. పారేసుకున్నాడు. మళ్ళీ కొనలేదు. మేం అడగలేదు.

సలహాల అమ్మాయి వచ్చి కాగితం ముంచింది. ఈసారి అది లేత ఆకుపచ్చగా తిరిగింది. కప్పలు ఇంకా రాలేదు గానీ దోమలు వచ్చాయి. అంతా బాగుందని చెప్పి, చివరి పేజీ తీసి మా మరిది ముందు పెట్టింది. కాలవ దిగువన ఉన్న పొరుగువాళ్ళ సంతకం కావాలట. అది లేకపోతే మిగతా పేజీలన్నీ చెత్తకాగితాలే.

దిగువన ఉన్న పొరుగు ఒక్కటే. ఆకుకూరలావిడ.

మా మరిది మంచి ఎరువు మూటలు పంపాడు. తిరిగొచ్చాయి. మడికి కప్పుకోమని పాత దుప్పట్లు పంపాడు. అవీ వచ్చాయి, మడతలు కూడా విప్పకుండా. మా తోటికోడలు స్వయంగా వెళ్ళింది. ఆకుకూరలావిడ గుమ్మంలోనే, "మీరు మంచివారమ్మా, ఎండలో నిలబడకండి, ఇంటికెళ్ళండి" అందట.

చివరికి నన్ను తోలారు. ఆవిడ మడిలో గొంతుక్కూర్చుని విత్తనాలు చల్లుతోంది. నేల అంతా కొత్తగా తవ్వి ఉంది.

"సంతకం పెట్టమ్మాయ్. పంతొమ్మిది మంది పొట్ట" అన్నాను.

"పొట్టల మీద నాకేం కోపం లేదక్కా. మడి మళ్ళీ వేసుకుంటాను. నీళ్ళు కూడా బాగున్నాయి, నేనే తాగి చూడను గానీ మొక్క తాగుతోంది. కానీ ఆ రోజు నన్ను వీధంతా అబద్ధాలకోరు అంది. ఈ ఏడాదంతా నేను కూర బుట్ట పట్టుకుని వెళ్తే, 'ఇవాళ ఎవరి చొక్కా మీద నింద' అని నవ్వుతున్నారు. ఈ పాలకూర తాజాదా అని అడుగుతారు, తాజాదే అంటే, 'నీ మాటేనా' అంటున్నారు. పోయిన ఆ మాట ఎక్కడ నాటుకోను నేను?"

"సంతకానికీ దానికీ సంబంధమేమిటి?"

"సారు వచ్చి, ఆ రోజు నేను చెప్పింది నిజమని వీధిలో చెప్పమను. ఆ క్షణం పెడతాను." గుప్పిట్లోని విత్తనాలు దులిపేసి నా మొహంలోకి చూసింది. "అక్కా, నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు. చేతిలో బల్లగుడ్డ ఉంది. నీకు బట్టల సంగతి మా అందరికన్నా తెలుసు. ఆ చొక్కా ఎలా తెల్లగా వచ్చింది?"

"ఎండ దెబ్బ తగిలేలా ఉంది, వస్తాను" అన్నాను. మబ్బు పట్టి ఉంది ఆ రోజు.

వచ్చి మా మరిదికి చెప్పాను, ఆవిడ నన్నడిగిన మాట తప్ప మిగతాదంతా. ఆయన విని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇవాళ మధ్యాహ్నం అందరూ అన్నాలు తినడానికి విశ్రాంతి గదిలోకి పోయాక నా బల్ల దగ్గరికొచ్చాడు. నేను దిండు గలీబు మీది లిప్‌స్టిక్ తీస్తున్నాను. ఎల్లుండి హోటలువాళ్ళు వస్తారు. ఆయన కాలరు మెడకి రాసుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"వదినా, రేపు పొద్దున ఎనిమిదింటికి వీధి వాళ్ళందర్నీ పిలిచాను. చొక్కా ముంచుతాం."

"ముంచుకో. నాకెందుకు చెప్పడం?"

"ఆవిడే ముంచుతుంది. గుంటల్లోంచి ఉతుకు నీళ్ళు దిగే చోట. మొదటి ఉతుకు వేళ."

"బాగానే ఉంది."

"దానికి ముందు, ఆ రోజు నేను ఏ గొట్టం దగ్గర ముంచానో చెప్పాలి కదా."

"చెప్పు."

ఆయన నా సబ్బుముక్కలు తీసి వరసగా పేర్చాడు. ఇంకెవరైనా ముట్టుకుంటే చెయ్యి విరిచేదాన్ని.

"నువ్వు చెప్పు వదినా. నేను చెప్తే క్షమాపణ అవుతుంది. హోటలు కోసం చెప్పాడు అంటారు, నిజమే కదా అది. నువ్వు చెప్తే చాడీ అవుతుంది. చాడీ అయితే వీధంతా నమ్ముతుంది."

"ఓహో. నా నోటికి ఇన్నాళ్ళకి పని దొరికిందన్నమాట. సరే, చెప్తాను. ఇక వెళ్ళు."

వెళ్ళలేదు. పేర్చిన సబ్బుముక్కల్లో ఒకటి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"చెప్పేటప్పుడు, ఆ సంగతి నీక్కూడా అప్పుడే తెలుసని, అది కూడా చెప్పు వదినా" అన్నాడు.